పాలపిట్ట కనవడ్డ దసరా

పోయిన నెల ఎంకపల్లికి పోయిన. బాలమ్మత్త మంచం పట్టిందని, మనుషులను గుర్తుపడుతున్నది గాని అన్నం మానేసిందని ఆమె మనుమరాలు ఫోన్ చేసి చెప్పింది. బాలమ్మత్త మాకు రక్తసంబంధం కాదు. మా బాపు యాకోబు సర్కారు తోటల మాలిగ ఉన్న దినాల్ల, అదే తోటల ఊడ్చే పని ఆమెది. బాపు ఆమెను చెల్లె అనేటోడు, అందుకని నాకు అత్త అయింది. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి యాభై ఏండ్ల సంది నా కడుపుల ఉన్నది. బాపు చెప్పకుంటనే పోయిండు. అవ్వ, అంటె మా అమ్మ, ఆమె గూడ చెప్పకుంటనే పోయింది. ఇగ బాలమ్మత్త సుత పోతె ఆ మాట వినెటోళ్ళే ఉండరు. అందుకే పోయిన, ప్రేమ పొంగి పోలేదు. ఇది ముందుగాలనే చెప్తున్న, ఎందుకంటె నా వయసోళ్ళు ఇసొంటియి రాసేటప్పుడు తమను తాము జర మంచోళ్ళను చేసుకుంటరు.

తొవ్వల తోట కాడ దిగిన. మొయినాబాద్ దాటినంక చేవెళ్ల రోడ్డు మీదనే ఉంటది. గేటు కాడ ఇప్పుడు టికెట్టు పెట్టిన్రు. లోపట నడిచెటందుకు టైల్సు పరిచిన్రు, ఫొటోలు దిగెటందుకు సిమెంటు నెమలిని నిలవెట్టిన్రు, చెట్టుకొక ఇంగ్లీషు బోర్డు తగిలిచ్చిన్రు. నందివర్ధనం చెట్టు కాడ నిలవడి ఆ బోర్డు చదువుదామంటె నాకే నోరు తిరగలేదు, ముప్పై ఏండ్లు బడిల పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. పూలు మాత్రం దండిగున్నయి. అన్ని ఒకే ఎత్తు, ఒకే వరుస, ప్రార్థనకు నిలవడ్డ బడి పిల్లల లెక్క. బెంచి మీద గంట సేపు కూసున్న. ఆ గంటల నాకు రెండు గోరింకలు, ఒక కాకి కనవడ్డయి. వాచ్‌మన్ పిలగాణ్ని పిలిచి, ఇక్కడికి పాలపిట్ట వస్తదా అని అడిగిన. "ఫోన్ల ఉన్నది మేడం, దసరా నాడు అందరికి స్టేటస్ పెడత" అన్నడు. నాకు నవ్వు రాలేదు. పిలగాడు మంచోడే, ఆని తప్పేమున్నది.

మా చిన్నతనంల ఈ తోటకు టికెట్టు లేదు, గేటుకు తాళం సుత సరిగ్గ లేదు. ఎనుక మూలకు ఒక రేకుల రూము మాలికి ఇచ్చిన్రు, దాంట్ల మేము ముగ్గురం. పొద్దుగాల లేస్తె మొదలు ముక్కుకు తగిలేది తడిసిన మట్టి వాసన, ఎందుకంటె మేము లేచే వరకే బాపు చెట్లకు పైపు పెట్టేటోడు. తర్వాత పొయ్యిల ఎండుటాకుల పొగ, దాని మీద చాయ. రూము పక్కన ఒక రాత్‌కీ రాణి చెట్టుండేది. దాని వాసనకు అవ్వకు తలనొప్పి లేచేది, తీసెయ్యమని ఏడాదికి ఒకసారన్న కొట్లాట పెట్టుకునేది. "అట్లనే తియ్యి" అనేటోడు బాపు, తీసేటోడు కాదు. మనుషులకు కాదు అని చెప్పే నోరు ఆయనకు దేవుడు ఇయ్యలేదు. సూపర్‌వైజర్ ఏమన్నా "అట్లనే సాబ్", ఊరోళ్ళు ఏమన్నా "అట్లనే పటేలా". కోపమొచ్చినా సంతోషమొచ్చినా అదే మాట. నాకు చిన్నప్పుడు అది మంచితనం అనిపిచ్చేది. ఇప్పుడు అనిపిస్తలేదు.

గేటు కాడ కాగితం పూలు, బాట పొడుగూత నూరువరహాలు, దాని ఎనుక మందారాలు. బాయి కాడ తడిల మెట్టతామరలు, అవి ఒకసారి నాటితె ఏండ్లకేండ్లు దుబ్బు పెరుగుకుంట పూసేటియి. కంచె పొంటి తంగేడు ఎవలు నాటకుంటనే మొలిచేది. బాపుకు ఒక అలవాటుండె. చెట్ల కంచెను కత్తిరిచ్చే ముందు కట్టెతోని రెండుసార్లు తట్టి, జర సేపు నిలవడేటోడు. పికిలిపిట్ట బుర్రున ఎగిరిందంటె అండ్ల గూడున్నదన్న మాట. ఆ జాగను వదిలిపెట్టి ముందుకు పోయేటోడు. అందుకని మా తోట కంచె ఎప్పుడు ఎగుడుదిగుడుగనే ఉండేది. మందారం ఆకులు కలిపి దర్జీపిట్ట కుట్టుకున్న గూడును బాలమ్మత్తకు చూపిచ్చి, "చూడు చెల్లె, నీ రైక కుట్టినోని కంటె నయం" అనేటోడు. ఆమె చీపురు కట్ట ఎత్తేది. పొద్దున పది కొట్టంగ ఇద్దరు చెట్టు నీడకు కూసోని సద్ది విప్పుకునేటోళ్ళు. ఆమె కాడ జొన్నరొట్టె, ఈయన కాడ అవ్వ చేసిన చింతకాయ తొక్కు. సగం సగం చేసుకొని తినేది. బాపు కండ్లు మూసి ప్రార్థన చేసుకునే దాక ఆమె రొట్టె తుంచకపోయేది.

దసరా నాడు పాలపిట్టను చూడాలె. మా దిక్కు ఇది తెలువనోళ్ళు లేరు. జమ్మికి మొక్కి, ఆకు చేతుల పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే ఆ దినం, ఒక్కసారన్న ఆ నీలం రెక్క కండ్లవడాలె. కనవడితె ఆ ఏడు మంచిగ నడుస్తది. మేము చర్చికి పోయేటోళ్ళం, మా ఇంట్ల దసరా లేదు. అయినా మా బాపుకు అది పండుగే, ఎందుకంటె ఎంకపల్లి నుంచి, సురంగల్ నుంచి జనం పిట్టను చూసెటందుకు మా తోటకే వచ్చేటోళ్ళు. తోట నడుమ ఎండిపోయిన తుమ్మ మొద్దు ఒకటుండేది. పాలపిట్టకు ఆకులున్న కొమ్మ పనికిరాదు, బోడి కొమ్మ మీద కూసోని కింద పురుగు కోసం చూస్తది. మొద్దు కొట్టెయ్యమని పాత సూపర్‌వైజర్ ఎన్నోసార్లు అన్నడు. బాపు అన్నిసార్లు "అట్లనే సాబ్" అని, గొడ్డలి ముట్టలేదు. జనం దూరం నిలవడి, పిట్ట ఎగిరినప్పుడు చేతులు జోడిచ్చేటోళ్ళు. పోయేటప్పుడు "యాకోబన్న పిట్ట కనవడ్డది" అనుకుంట పోయేటోళ్ళు, పిట్టను ఈయన సాదినట్టు. ఆ మాటకు మా బాపు ఎంత మురిసేటోడో చెప్పలేను. వేరే మతపోనికి ఆ ఊర్లు ఇచ్చిన మర్యాద అది, ఆయన దాన్ని పానం లెక్క చూసుకునేటోడు.

నాకు పదేండ్లున్న ఏడు వానకాలం నూరువరహాలకు పిండినల్లి పట్టింది, గడ్డిల చెదలు లేచినయి. కొత్తగ వచ్చిన సూపర్‌వైజర్ పురుగుమందు తెల్ల పొడి సంచులు దింపిచ్చి, నీళ్ళల్ల కలిపి వారానికొకసారి కొట్టుమన్నడు. బాపు మూతికి తువాల చుట్టుకొని కొట్టిండు. మొదలు పురుగు పోయింది, సాబ్ మెచ్చుకున్నడు. తర్వాత తేనెపిట్టలు రాలేదు. తర్వాత పికిలిపిట్టల పిల్లలు గూట్లనే ఎండిపోయినయి. ఒకనాడు బాపు కట్టెతోని కంచెను తట్టి ఎంతసేపు నిలవడ్డా ఏదీ ఎగరలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాక కంచెను సమంగ కత్తిరిచ్చిండు. సాబ్ అది చూసి, ఇప్పుడు ఇది తోట లెక్క ఉన్నదన్నడు. ఆ మందు బంద్ చెయ్యమని అవ్వ మొత్తుకున్నది. "అట్లనే తియ్యి" అన్నడు, మల్ల వారం మల్ల కొట్టిండు.

బాలమ్మత్తకు మొగడు లేడు. కొడుకు మల్లేశు, ఆని ఎనుక ఒక చిన్న బిడ్డ. మల్లేశుకు అప్పుడు పదిహేడేండ్లుంటయి. కూలికి పోయొస్తు తోట కాడ ఆగి, నాకు చింతకాయలు దులిపి ఇచ్చేటోడు. నన్ను టీచరమ్మా అని ఎక్కిరిచ్చేటోడు, ఆఖరికి అదే అయిన. దసరా ముందట ఆనికి కామెర్లు అయినయి. పసరు పోసిన్రు, పత్యం పెట్టిన్రు, తగ్గలేదు. కండ్లు బంతిపూల లెక్క పచ్చగైనయి, మాట తడవడ్డది. చేవెళ్ల డాక్టరు చూసి, ఇగ ఇక్కడ కాదు, పట్నం పెద్ద దవాఖానకు తీస్కపోండి, ఒక్క పూట గూడ ఆగొద్దన్నడు. ఊర్లె ఒకాయన జీపు ఇస్తనన్నడు, తెల్లారితె దసరా, పొద్దెక్కంగనే బయలెల్లాలె. బాలమ్మత్తకు పట్నం దవాఖానంటె చావు భయం. ఆమె మొగణ్ని తీస్కపోయింది ఆడికే, తిరిగొచ్చింది శవమే. ఆ పొద్దుమూకి మా రూము కాడికి వచ్చింది.

"అన్నా, రేపు పోయేటప్పుడు జీపును తోట కాడ ఆపుత. ఆనికి పిట్టను చూపియ్యాలె" అన్నది.

"అట్లనే చెల్లె" అన్నడు బాపు. తోటల పాలపిట్ట కనవడక అప్పటికి ఇరవై దినాలు.

తెల్లారి తోటంత తిరిగిండు. బాయి కాడ మెట్టతామరల మొదట్ల సచ్చిన పాలపిట్ట ఒకటి దొరికింది. మెడ వాలిపోయింది, ఒళ్ళు ఇంక మెత్తగనే ఉన్నది. రెండు చేతులల్ల పట్టుకొని రూముకు తెచ్చిండు. అవ్వ కనకాంబరాలు కట్టుకుంట కూసున్నది. బాపు పూల దారం ఉండ ఇయ్యమన్నడు.

"ఏం చేస్తవు దారంతోని?" అన్నది అవ్వ.

"ఆ పిలగాడు దూరం నుంచే గద చూసేది. జర ధైర్యమొస్తది. ధైర్యంతోని దవాఖానకు పోతడు."

"పాపం గాదా?"

బాపు చెయ్యి చాపుకొని అట్లనే నిలవడ్డడు. అవ్వ దారం ఇచ్చింది. ఇయ్యకుంటె అయిపోయేది అని ఎన్నోసార్లు అనుకున్న. గాని ఆ పొద్దు ఆయన మొఖం చూస్తె ఎవలైనా ఇస్తుండిరి.

తుమ్మ మొద్దు మీద పిట్టను కూసోవెట్టి కాళ్ళు కట్టిండు. మెడ నిలిచెటట్టు చిన్న పుల్ల ఆనిచ్చి కట్టిండు. ఒక రెక్కకు పొడుగు దారం ముడేసి, దాని కొస నా చేతికిచ్చి కాగితం పూల చెట్టు ఎనుక కూసోవెట్టిండు. నాకు పదేండ్లు. "నేను దగ్గినప్పుడు మెల్లగ గుంజు బిడ్డా, గట్టిగ గుంజకు" అన్నడు. ఎందుకని నేను అడగలేదు. బాపు నన్ను ఒక పనికి పిలిచిండంటె నాకు సంబురం. ముండ్లు గుచ్చుకుంటున్నా కదలకుంట కూసున్న.

మిగిలిన జనం వచ్చేది పొద్దుగూకంగ. జీపు మాత్రం ఎండ ముదరకముందే వచ్చింది. ఊరోళ్ళు ఇద్దరు మల్లేశును చంకలల్ల చేతులేసి దింపిన్రు. వాని తల ఒక పక్కకు వాలుతున్నది. బాపు మొద్దు దిక్కు చెయ్యి చూపిచ్చి దగ్గిండు. నేను గుంజిన. రెక్క తెరుచుకున్నది, ఆ నీలం ఎండల ఒక్కసారి మెరిసింది. "కనవడ్డదే అవ్వా" అన్నడు మల్లేశు. వణుకుకుంట చేతులు జోడిచ్చిండు. నేను ఇంకోసారి గుంజిన, నన్నెవరు గుంజుమనలేదు. వాడు నవ్విండు, అది చూసి నాకు గర్వమైంది.

బాలమ్మత్త కొంగుతోని కండ్లు తుడుసుకొని జీపు నడిపేటాయన దిక్కు తిరిగింది. "జీపును ఇంటికి తిప్పు నాయినా" అన్నది. అందరు ఆమెనే చూసిన్రు. "రాత్రంత అమ్మవారికి మొక్కుకున్న. పిట్ట కనవడితె నా కొడుకు బతికినట్టే, పట్నం తీస్కపోను. కనవడకుంటె తీస్కపోత అనుకున్న. కనవడ్డది. ఇగ ఫికర్ లేదు."

"చెల్లె, డాక్టరు ఆగొద్దన్నడు గద" అన్నడు బాపు.

"అమ్మవారు చూపిచ్చినంక డాక్టరేందన్నా. నీ తోటల చూపిచ్చింది, నీ పుణ్యం."

చెట్టు సందుల నుంచి బాపు మొఖం నాకు కనవడుతున్నది. నోరు తెరిచిండు. ఒక్క మాట చాలు. అది సచ్చిన పిట్ట చెల్లె, నేనే కట్టిన, నువ్వు పో, అంటె అయిపోయేది. జీపు అక్కడనే ఉన్నది, ఇంజను గూడ బంద్ చెయ్యలేదు. గాని పక్కన ఊరోళ్ళు ఇద్దరున్నరు. మందు కొట్టి పాలపిట్టలను సంపింది ఈయనే. దసరా నాడు సచ్చిన పిట్టను కట్టి ఆట ఆడిచ్చింది ఈయనే. కిరస్తానపోడు మన పండుగను ఎక్కిరిచ్చిండు అని ఒక్కరన్నా ఆ చుట్టుపక్కల ఇగ మాకు నీళ్ళు పుట్టవు. అంతకంటె పెద్ద భయం ఇంకొకటి. యాకోబన్న పిట్ట అనే ఆ మాట ఇగ ఎవలు అనరు. ఇది ఆయన నాతోని ఎన్నడు చెప్పలేదు, నేను పెద్దగయినంక అర్థం చేసుకున్న. బాపు నోరు మూసుకున్నడు. "అట్లనే చెల్లె" అన్నడు. జీపు ఎంకపల్లి దిక్కు తిరిగిపోయింది.

దారం తెంపి, పిట్టను అక్కడనే పాతిపెట్టిండు. సాయంత్రం వచ్చిన జనానికి, పొద్దుగాలనే వచ్చి ఎగిరిపోయిందని చెప్పిండు. మూడో నాడు మల్లేశు పోయిండు. పోయే ముందు గూడ పిట్ట కనవడ్డది గద అవ్వా అన్నడట. ఆ మాట బాలమ్మత్తే వచ్చి మా అవ్వను పట్టుకొని ఏడ్సుకుంట చెప్పింది. తానేం తప్పు చేసిందని అమ్మవారు చూపిచ్చి గుంజుకున్నదని అడిగింది. మా అవ్వ ఆమె తల నిమురుకుంట కూసున్నది. బాపు బయట మందారాలకు నీళ్ళు పెట్టుకుంట, నీళ్ళు పొంగి బాట మీదికి వస్తున్నా పైపు జరపలేదు.

తర్వాత ఆయన ఆ మందు ముట్టలేదు. డబ్బల ఉత్త నీళ్ళు పోసుకొని సాబ్ ముంగట వారం వారం కొట్టేటోడు. మూడో ఏడుకో నాలుగో ఏడుకో పిట్టలు మళ్ళొచ్చినయి. దసరాకు జనం గూడ వచ్చిన్రు, ఆ దినం బాపు రూముల నుంచి బయటికి రాకపోయేటోడు. బాలమ్మత్త తలవంచుకొని ఊడ్సుకునేది, మొద్దు దిక్కు చూడకపోయేది. సద్ది మాత్రం ఇద్దరు ఎప్పటి లెక్కనే తిన్నరు. ఆదివారం చర్చిల బాపు మోకాళ్ళ మీద పడి ఏడ్చేటోడు. సంఘంల ఆయనను భక్తిపరుడు అనేటోళ్ళు, పాస్టరుగారు మాకు ఆయనను చూపిచ్చి నేర్చుకోమనేటోడు. పదకొండేండ్లు అట్ల గడిచినంక దగ్గు పట్టి, మంచాన పడి పోయిండు. బాలమ్మత్త వచ్చి అందరి లెక్క పిడికెడు మట్టేసి పోయింది.

ఇప్పుడైతె ఫోన్ చేస్తె అంబులెన్స్ వస్తది. మల్లేశు ఈ కాలంల ఉంటె బతికేటోడేమో. పిట్ట మాత్రం ఆనికి ఫోన్లనే కనవడేది. ఇందులో ఏది మేలని నన్ను అడిగితె పిలగాడు బతుకుడే మేలంట, ఇంకో ఆలోచన లేదు. ఆ దినాలు ఎంత మంచియో అని నా తోటోళ్ళు మాట్లాడుకుంటుంటె నాకు ఒళ్ళు మండుతది. తోట మంచిదే, పూలు మంచియే, మా బాపు గూడ మంచోడే. ఇంతమంది మంచోళ్ళ నడుమ ఒక పిలగాడు పోయిండు.

తోట కాడ ఆటో ఎక్కి ఎంకపల్లి చేరిన. బాలమ్మత్త నవారు మంచం మీద పక్కకు తిరిగి పండుకున్నది. పిడికెడంత అయింది. నన్ను చూసి "యాకోబన్న బిడ్డవు గదా" అన్నది. మనుమరాలు చాయ పెట్టెటందుకు లోపటికి పోయింది. నేను ఎన్ని విధాల మొదలుపెట్టాలనుకున్ననో అన్ని మర్చిపోయిన. "అత్తా, ఆ దసరా నాటి పిట్ట సచ్చిన పిట్ట. బాపు కట్టిండు. దారం నేను గుంజిన" అన్న.

ఆమె కదలలేదు. ఇనవడలేదేమోనని చెవి కాడికి వంగిన. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇనవడ్డది. నాకు ఎర్కే."

"ఎప్పటి సంది?"

"కొడుకు దినాలు అయిపోయి పనికొచ్చిన మొదటి నాడే. ఊడ్చేది నేను గదనే. కుక్క తోడి పెట్టింది. పురుగులు పట్టినా రెక్క రంగు పోలేదు, కాళ్ళకు పూల దారం అట్లనే ఉన్నది. ఆకులతోని కలిపి కాలవెట్టిన."

పదకొండేండ్లు పక్కపక్కన కూసోని తిన్నరు. "మరి బాపును ఎందుకు అడగలేదత్తా?" అన్న.

"నేనెందుకు అడగాలె? ఆయన చెప్పాలె." ఊపిరి తీసుకునేదాక ఆగింది. "పొద్దుగాల చీపురు పట్టుకొని గేటు కాడికి వచ్చేది. ఇయ్యాల చెప్తడు అనుకునేది. సద్ది ఇప్పేటప్పుడు కండ్లు మూసుకునేటోడు గద, తెరిచినంక చెప్తడు అనుకునేది. మొదలు కొట్టాలని ఉండె. తర్వాత తర్వాత మాఫ్ చేద్దామనే ఉండె. ఏమనాలెనో ఆ మాటలు సుత అనుకొని పెట్టుకున్న. చెప్పనే లేదు. మీ గుడిల మోకాళ్ళ మీద పడి ఏడుస్తడని మీ అవ్వ చెప్తుండె. దేవునికి చెప్పుకున్నడు. కొడుకు పోయింది నాకు గద."

చాయ వచ్చింది, మనుమరాలు గ్లాసు నా పక్కన పెట్టి పోయింది. నేను మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, "నన్నన్న మాఫ్ చెయ్యి అత్తా" అన్న.

"నువ్వు చిన్న పొల్లవు, నీ మీద నాకేమున్నది" అన్నది. "మాఫీ ఆయన కోసం పెట్టిన బిడ్డా. అది తీసి నీకెట్లిస్త."